ఆడ ఎలుకకి మార్ఫిన్ ఎందుకు తక్కువ పనిచేస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల పెంపుడు జంతువుల ఆపరేషన్ల గురించి రాసిన దగ్గర్నుంచి నొప్పి మందుల మీదే ప్రశ్నలు వస్తున్నాయి, అందులో సగం పైన ఆడా మగా తేడా గురించే. అందుకే ఈసారి వేరే సబ్జెక్టులేవీ పెట్టుకోకుండా అన్నీ ఒకచోటే వేస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా ఇంట్లో ఒకే ఈతలో పుట్టిన రెండు లాబ్రడార్లు ఉన్నాయండీ, ఒకటి మగ, ఒకటి ఆడ, బరువు కూడా ఇంచుమించు ఒకటే. ఇద్దరికీ ఒకే రోజు ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ చేయించాం. నొప్పికి బ్యుటార్ఫనాల్ అనే ఇంజెక్షన్ ఇద్దరికీ ఒకేలా ఇచ్చారట. మగాడు సాయంత్రానికి పెరుగన్నం తినేశాడు, ఆడది మాత్రం తెల్లార్లూ మూలుగుతూనే ఉంది. ఆడవాటికి ఈ మందులు సరిగ్గా పనిచేయవని ఎక్కడో చదివాను, నిజమేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు చదివింది ఎలుకల విషయంలో అయితే చాలావరకు నిజమే. కానీ మీ ఇంట్లో జరిగినదానికి ముందు వేరే కారణాలు చూసుకోవాలి, ఎందుకంటే ఆ రెండు ఆపరేషన్లూ పేరుకే ఒకటి. మగదానికి చర్మం మీద చిన్న కోత పెట్టి వృషణాలు తీసేస్తారు, పొట్టలోకి వెళ్ళే పనే లేదు. ఆడదానికి పొట్ట కోసి అండాశయాలు, చాలామంది డాక్టర్లయితే గర్భసంచితో సహా బయటికి తీయాలి, ఆ అండాశయాన్ని లోపల పట్టి ఉంచే లిగమెంటుని లాగేటప్పుడు కుక్క ఫుల్ మత్తులో ఉన్నా కూడా గుండె వేగం పెరిగిపోవడం ఆపరేషన్ టేబుల్ దగ్గర నిలబడిన ఎవరికైనా తెలుసు. అంత నొప్పికీ ఇంత నొప్పికీ ఒకే మందు ఒకే డోసు ఇస్తే ఎవరు మూలుగుతారో చెప్పక్కర్లేదు కదా.

పైగా బ్యుటార్ఫనాల్ కుక్కల్లో నొప్పి మీద పనిచేసేది మహా అయితే ఒకటి రెండు గంటలు, ఆ తర్వాత కూడా మగతగా పడుకుని ఉంటుంది కాబట్టి మనం ఇంకా మందు పనిచేస్తోంది అనుకుంటాం. తెల్లార్లూ అది కాపాడాలంటే కుదరదు. ఇంకో సంగతి, ఓపియాయిడ్ (మార్ఫిన్ కుటుంబం మందు, బ్యుటార్ఫనాల్ కూడా అదే) ఇచ్చాక కొన్ని కుక్కలు నొప్పి వల్ల కాకుండా మందు వల్ల వచ్చే అయోమయంతో కూడా ఏడుస్తాయి, పిలిస్తే పలకవు, గాయం దగ్గర చెయ్యి పెట్టినా పట్టించుకోవు, ఊరికే గోడకేసి చూసి కూస్తాయి. గాయం చుట్టూ మెల్లగా నొక్కితే ఉలిక్కిపడితే అది నొప్పి, లేకపోతే మందు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు విషయానికి వద్దాం. ఎలుకల్లో నొప్పి మందుని ఎలా కొలుస్తారంటే, వేడి ప్లేటు మీద నిలబెట్టి ఎప్పుడు పాదం నాకుతుందో చూస్తారు, లేదా తోక మీద వేడి లైటు వేసి ఎన్ని సెకన్లకి తోక పక్కకి తీస్తుందో లెక్కపెడతారు, ఈ తోక టెస్టు 1941 నుంచీ వాడుకలో ఉంది. మార్ఫిన్ ఇస్తే ఆ సెకన్లు పెరుగుతాయి. మగ ఎలుకలో ఎంత మార్ఫిన్‌కి ఎంత ఫలితం వచ్చిందో అదే ఫలితం ఆడదానిలో రావాలంటే చాలా స్టడీల్లో దాదాపు రెట్టింపు డోసు పట్టింది. ఆడది బరువు తక్కువ కాబట్టి అనుకోకండి, డోసు బరువుని బట్టే ఇస్తారు.

ఎందుకు అనేదాని మీద అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో ఆన్ మర్ఫీ టీమ్ చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. మధ్య మెదడులో పెరియాక్విడక్టల్ గ్రే అని ఒక భాగం ఉంది, అక్కడి నుంచి కిందకి వెన్నుపాము వరకు నొప్పి సిగ్నల్‌ని అణిచేసే దారి ఒకటి వెళ్తుంది, మార్ఫిన్ ముఖ్యంగా పట్టుకునేది అక్కడే. మార్ఫిన్ అతుక్కునే మ్యూ రిసెప్టర్లు ఆ భాగంలో మగ ఎలుకలకి ఎక్కువ, ఆడవాటికి తక్కువ అని వాళ్ళు 2008లో చూపించారు. అంతటితో ఆగలేదు, ఆ రిసెప్టర్ ఉన్న కణాలని మాత్రమే ఏరి చంపే ఒక విషాన్ని అక్కడికి పంపారు, మగ ఎలుకల్లో మార్ఫిన్ పవర్ బాగా పడిపోయింది, ఆడవాటిలో పెద్దగా తేడా లేదు, అంటే ఆడవాటిలో మార్ఫిన్ ఆ దారి మీద అంతగా ఆధారపడట్లేదన్నమాట. ఆడ ఎలుకకి నాలుగైదు రోజులకో సైకిల్ ఉంటుంది, అందులో ఈస్ట్రోజన్ బాగా పెరిగే ప్రోఈస్ట్రస్ దశలో ఈ రిసెప్టర్లు మరీ తక్కువ, మార్ఫిన్ పనిచేయడం కూడా అప్పుడే మరీ తక్కువ. ఒకే ఎలుక, ఒకే మందు, ఒకే డోసు, రోజు మారితే ఫలితం మారింది.

2017లో అదే టీమ్ ఇంకో కోణం బయటపెట్టింది. మెదడులో మైక్రోగ్లియా అని కాపలా కాసే కణాలు ఉంటాయి, ఇన్ఫెక్షన్ వస్తే ముందు రెచ్చిపోయేవి ఇవే. మార్ఫిన్ వీటి మీద ఉండే టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్‌ని కూడా తట్టి లేపుతుంది, అవి మంట పుట్టించే రసాయనాలు వదులుతాయి, ఆ రసాయనాలు మార్ఫిన్ చేసే మేలుకి అడ్డం పడతాయి. అంటే మందు ఒక చేత్తో నొప్పి తగ్గిస్తూ ఇంకో చేత్తో పెంచుతోంది. పెరియాక్విడక్టల్ గ్రేలో ఈ కణాలు ఆడ ఎలుకల్లో ముందు నుంచే ఎక్కువ రెచ్చిపోయి ఉన్నాయి. టీఎల్‌ఆర్4ని బ్లాక్ చేసి మార్ఫిన్ ఇస్తే ఆడ ఎలుకకి మందు బాగా పనిచేయడం మొదలైంది, మగదానికి పెద్ద తేడా రాలేదు. దీనికి తోడు మార్ఫిన్ శరీరంలో విడిపోయాక వచ్చే ఎం3జీ అనే పదార్థం ఆడ ఎలుకల రక్తంలో ఎక్కువ కనిపించింది, అది నొప్పి తగ్గించదు సరికదా టీఎల్‌ఆర్4ని ఇంకా కెలుకుతుంది.

ఇది పుట్టుకతో వచ్చే తేడానా, పెద్దయ్యాక హార్మోన్ల వల్లా అంటే రెండూ ఉన్నాయి. పుట్టిన వెంటనే మగ పిల్లకి వృషణాలు తీసేస్తే పెద్దయ్యాక దానికి మార్ఫిన్ తక్కువ పనిచేస్తుంది, ఆడ పిల్లకి అప్పుడే టెస్టోస్టిరాన్ ఇస్తే పెద్దయ్యాక మగదానిలాగా స్పందిస్తుంది. మెదడు వైరింగ్ అనేది ఆ మొదటి రోజుల్లోనే చాలావరకు తేలిపోతుంది, తర్వాత తీసేసినా మొత్తం మారదు. మీ లాబ్రడార్లకి ఎప్పుడో పెద్దయ్యాక ఆపరేషన్ చేశారు కాబట్టి హార్మోన్లు పోయినంత మాత్రాన ఇద్దరూ ఒకటైపోరు.

ఇక మీకు ఇచ్చిన బ్యుటార్ఫనాల్ సంగతి. మార్ఫిన్ లాంటివి మ్యూ రిసెప్టర్ దగ్గర గట్టి మందులు, బ్యుటార్ఫనాల్, బుప్రనార్ఫిన్, నాల్‌బుఫిన్ లాంటివి అక్కడ బలహీనమైనవి. నేల మీద అన్ని బస్సులూ ఒకేలా పోతాయి, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడే ఇంజన్ దమ్ము తెలుస్తుంది. అలాగే చిన్న నొప్పి మీద గట్టి మందు పెట్టి చూస్తే ఆడా మగా తేడా పెద్దగా బయటపడదు, నొప్పి తీవ్రం చేసి బలహీనమైన మందు పెడితే మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఎలుకల్లో ఇది 2000 సంవత్సరంలోనే చూపించారు, అది కూడా ఎలుక జాతిని బట్టి ఒకదానిలో ఎక్కువ ఇంకోదానిలో తక్కువ. పొట్ట కోసిన ఆడకుక్కకి ఒక్క బ్యుటార్ఫనాల్ అంటే ఘాట్ రోడ్డు కిందే లెక్క.

అయితే కుక్కల్లో ఇలాంటి స్టడీలు చాలా తక్కువ, మందు సీసా మీద డోసు బరువుకే రాసి ఉంటుంది, ఆడకింత మగకింత అని ఉండదు. అలాగని మీ డాక్టర్ గారితో వెళ్ళి ఎలుకల లెక్క చెప్పి డోసు రెట్టింపు చేయమనకండి. ఈసారి ఎప్పుడైనా పొట్ట ఆపరేషన్ అవసరమైతే మాత్రం మూడు ప్రశ్నలు అడగండి, వాపు, నొప్పి తగ్గించే మెలాక్సికామ్ లాంటిది కలుపుతున్నారా, కోత దగ్గర లోకల్ అనస్థీషియా ఇస్తున్నారా, రాత్రికి ఎక్కువసేపు ఆగే మందు ఏదైనా ఉందా అని. ఇంటికొచ్చాక గ్లాస్గో స్కేలు అని కుక్కల నొప్పి కొలిచే ఫారం ఒకటుంది, మూలుగు, గాయం నాక్కోవడం, లేచి నడవడం, ముట్టుకుంటే ఎలా ఉంది ఇలాంటివన్నీ కలిపి 24 మార్కులు, 6 వచ్చిందంటే ఇంకో డోసు కావాలని అర్థం. ఆడా మగా అన్న ఊహ కంటే ఈ ఫారం మీకు ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: సార్, నేను ఎం.ఫార్మ్ ఫైనలియర్. నొప్పి మందు మీద ప్రాజెక్టు. మా గైడ్ గారు మగ ఎలుకలే తెప్పించమంటున్నారు, ఆడవాటికి సైకిల్ ఉంటుంది కాబట్టి రీడింగులు అటూ ఇటూ అయిపోతాయి అంటున్నారు. ఫాలో అయిపోవచ్చా? – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: గైడ్‌తో గొడవ పెట్టుకోమని నేను చెప్పను బాబూ, థీసిస్ మీద సంతకం ఆయనది. కానీ ఆ మాట తరతరాలుగా ఒకరి నుంచి ఒకరికి వస్తున్న మాట, లెక్క తీసి చూస్తే నిలబడలేదు. 2014లో ఎలుకల మీద వచ్చిన 293 పేపర్లు ముందేసుకుని ఆడవాటి రీడింగుల్లో చెదురు ఎక్కువా మగవాటిలో ఎక్కువా అని చూశారు, సైకిల్ అస్సలు పట్టించుకోకుండా కొలిచిన ఆడ ఎలుకల్లో కూడా మగవాటికంటే చెదురు ఎక్కువేమీ లేదు. మగవాటికి హార్మోన్లు లేవా ఏంటి? ఒక పంజరంలో నాలుగు మగవి పెడితే పెత్తనం ఎవరిదో తేలేదాకా కొట్టుకుంటాయి, పెత్తనం చేసేదానికీ దెబ్బలు తినేదానికీ టెస్టోస్టిరాన్ ఒకేలా ఉండదు, దాని గురించి మాత్రం ఎవరూ రీడింగులు పాడైపోతాయి అనరు.

నొప్పి సబ్జెక్టులో పేరున్న జర్నల్ పెయిన్, అందులో 1996 నుంచి 2005 దాకా జంతువుల మీద వచ్చిన పేపర్లలో 79 శాతం మగవాటి మీదే చేశారు. అంటే మనం పుస్తకంలో నొప్పి ఇలా పనిచేస్తుంది అని చదువుకున్నది చాలావరకు మగ ఎలుకలో నొప్పి ఎలా పనిచేస్తుందన్నదే. 2015లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో నొప్పి మీద పరిశోధన చేసే జెఫ్రీ మోగిల్ వాళ్ళు చేసిన పనిలో ఇది బాగా బయటపడింది, నరం దెబ్బతిన్నాక వచ్చే నొప్పికి వెన్నుపాములో మైక్రోగ్లియానే కారణమని అప్పటిదాకా అందరూ రాసేవాళ్ళు, వాటిని ఆపే మందు ఇస్తే మగ ఎలుకలో నొప్పి తగ్గింది, ఆడదానిలో అసలు కదల్లేదు, ఆడవి అదే నొప్పిని టీ కణాలు అనే రోగనిరోధక కణాల ద్వారా తెచ్చుకుంటున్నాయి. ఇన్నేళ్ళు మగవాటి మీద చూసి మందులు తయారు చేద్దామని ఎన్ని కోట్లు పోశారో!

అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ అందుకే 2014లో ప్రకటించి 2016 నుంచి ఫండింగ్ కావాలంటే ఆడా మగా రెండింటి గురించీ ఆలోచించి ప్లాన్ రాయాల్సిందే అని పెట్టింది. నీ విషయానికొస్తే, ఎథిక్స్ కమిటీకి పెట్టే అప్లికేషన్‌లో మొత్తం ఎలుకల సంఖ్య పెంచకుండానే సగం ఆడవి సగం మగవి అని రాయొచ్చు, గ్రూపుల మధ్య తేడాని విడిగా తేల్చలేకపోయినా ట్రెండ్ కనిపిస్తుంది. సైకిల్ ట్రాక్ చేయాలంటే రోజూ వెజైనల్ స్మియర్ తీసి స్లైడ్ చూడాలి, నీ ప్రశ్న సైకిల్ గురించే అయితే తప్ప మొదటి ప్రాజెక్టుకి అంత అవసరం లేదు. ఒకవేళ ఓపియాయిడ్ మీదే చేస్తుంటే మాత్రం ఒకే డోసుతో ఆపకు, కనీసం మూడు నాలుగు డోసులు పెట్టి కర్వ్ గీయి, ఎక్కువ డోసు దగ్గర ఆడా మగా ఇద్దరూ సీలింగ్‌కి కొట్టేస్తారు, తేడా మధ్య డోసుల్లోనే దొరుకుతుంది.

ఇంకో చిన్న విషయం, నవ్వొద్దు. 2014లో అదే మోగిల్ ల్యాబ్ చూపించింది, ఎక్స్‌పరిమెంట్ చేసేది మగవాళ్ళయితే ఎలుకలు నొప్పిని తక్కువ చూపిస్తాయి, మనిషి అక్కర్లేదు, మగవాళ్ళు వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా అంతే. ఆ వాసనకి వాటికి భయమేసి ఆ భయంలో నొప్పి కాసేపు అణిగిపోతుంది. కాబట్టి సోమవారం రీడింగులు నువ్వు, మంగళవారం నీ క్లాస్‌మేట్ అమ్మాయి తీస్తే ఆ సంగతి నోట్‌బుక్‌లో రాసుకో.

ప్రశ్న: నేను ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సుని. ఎలుకల్లో అలా ఉంటే మరి ఆడవాళ్ళకి కూడా మార్ఫిన్ ఎక్కువ ఇవ్వాలా సార్? – వరంగల్ నుంచి

జవాబు: వద్దమ్మా, ఇక్కడే ఎలుకకీ మనిషికీ దారి వేరైపోతుంది. మనుషుల్లో స్టడీలు ఒకే దిక్కుకి పోలేదు. 2000లో నెదర్లాండ్స్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి మార్ఫిన్ ఇచ్చి చూస్తే ఆడవాళ్ళలోనే మందు బలంగా పనిచేసింది, కాకపోతే ఎక్కడానికి ఆలస్యం, దిగడానికి కూడా ఆలస్యం. ఆపరేషన్ అయిన పేషెంట్ల మీద 2003లో వచ్చిన పేపర్ దీనికి రివర్స్, ఆడవాళ్ళకి 30 శాతం ఎక్కువ పట్టిందని. మీకు వార్డులో పనికొచ్చే మాట మొదటిదాంట్లో ఉంది, ఇంజెక్షన్ ఇచ్చి పది నిమిషాలకే తగ్గలేదంటున్నారని ఇంకోటి ఇచ్చేస్తే మొదటిది అప్పుడే ఎక్కుతూ ఉండొచ్చు, ఊపిరి కౌంట్ చూసుకోండి.

మ్యూ వదిలేసి కప్పా అనే ఇంకో ఓపియాయిడ్ రిసెప్టర్ మీద పనిచేసే మందులకి వస్తే మనుషుల్లో తేడా ఇంకా ఆసక్తిగా ఉంది. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్ఞానదంతాలు పీకించుకున్నవాళ్ళకి నాల్‌బుఫిన్, బ్యుటార్ఫనాల్ ఇచ్చి చూస్తే మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకే ఎక్కువసేపు, ఎక్కువ బాగా పనిచేశాయి, ఆ తర్వాత స్టడీలో తక్కువ డోసు నాల్‌బుఫిన్ ఇస్తే మగవాళ్ళకి నొప్పి పెరిగింది కూడా. మన హాస్పిటళ్ళలో బాగా వాడే పెంటజోసిన్ కూడా ఈ కుటుంబమే. 2003లో మోగిల్ వాళ్ళు ఎలుకల్లో ఒక జీన్ పట్టుకున్నారు, ఎంసీ1ఆర్ అని, బొచ్చు రంగుని నిర్ణయించే జీన్ అది. అది పనిచేయని ఆడ ఎలుకకి కప్పా మందు బాగా పనిచేస్తోంది, మగదానికి ఆ జీన్‌తో సంబంధమే లేదు. వెంటనే మనుషుల్లో చూస్తే ఆ జీన్ రెండు కాపీలూ మారిపోయిన ఎర్రజుట్టు ఆడవాళ్ళకి పెంటజోసిన్ మిగతావాళ్ళ కంటే బాగా పనిచేసింది, మగవాళ్ళకి జుట్టు రంగుతో పనిలేదు. ఎలుకలో మొదలై మనిషిలో నిలబడిన కొద్ది సంగతుల్లో ఇదొకటి. (తెనాలి అమ్మగారికి, మీ లాబ్రడార్లు పసుపు రంగువైతే ఆ రంగుకి కారణం కూడా ఈ జీనే, దాన్ని పట్టుకుని మళ్ళీ డోసులు లెక్కపెట్టకండి.)

ప్రశ్న: అన్నా, మాకు నాలుగు బర్రెలున్నయ్. ఈనేటప్పుడు అంత నొప్పి ఎట్ల తట్టుకుంటయో అనిపిస్తది. వాటి ఒంట్లనే ఏదన్న మందు తయారైతదా? – ఒక రైతు, సిద్దిపేట

జవాబు: భలే అడిగినవ్ తమ్మీ. ఎలుకల్లో అయితే నిజంగానే తయారవుతుంది. 1980లో అలన్ గింట్జ్‌లర్ అనే సైంటిస్టు కడుపుతో ఉన్న ఎలుకల్లో రోజురోజుకీ నొప్పి ఓర్చుకునే శక్తి ఎలా మారుతుందో చూస్తే, ఈనే ముందు రోజుల్లో అది బాగా పెరిగింది, ఓపియాయిడ్‌ని అడ్డుకునే మందు ఇస్తే ఆ పెరిగింది పోయింది. అంటే ఒంట్లో తయారయ్యే ఎండార్ఫిన్ లాంటివే దానికి కారణం. ఇందులో గమ్మత్తు ఏంటంటే వెన్నుపాములో మ్యూ, కప్పా రిసెప్టర్లు రెండూ ఒకదానికొకటి జతకట్టి ఒకటిగా పనిచేస్తాయి, ఈ జతలు ఆడ ఎలుకల్లో మగవాటికంటే చాలా ఎక్కువ అని 2010లో అదే గింట్జ్‌లర్ టీమ్ చూపించింది. మెదడులో మార్ఫిన్ దారి ఆడదానికి ఇరుకైతే వెన్నుపాములో వేరే దారి ఒకటి పెట్టుకుంది.

ఇంకోటి చెప్తా. బర్రె ఈనగానే మాయ తినకుండా మనోళ్ళు కట్టె పట్టుకుని కాపలా కూర్చుంటరు కదా. అమెరికాలో బఫెలో యూనివర్సిటీ మార్క్ క్రిస్టల్ ఎలుకలకి మాయ, ఉమ్మనీరు తినిపించి చూశాడు, దానంతట అది నొప్పి తగ్గించదు, కానీ అప్పటికే ఒంట్లో ఓపియాయిడ్ పనిచేస్తూ ఉంటే దాని బలాన్ని పెంచుతుంది. అట్లని బర్రెని మాయ మొత్తం తిననివ్వాలని కాదు, అంత పెద్దది గొంతులో అడ్డం పడొచ్చు, అరగకపోవచ్చు, కాపలా కాస్తున్నది మంచిదే. ఈనిన వెంటనే దూడని నాకనియ్యి, ఉమ్మనీరు దానికి అందుతుంది.

మరి కష్టమైన కాన్పు అయితే డాక్టర్ మార్ఫిన్ ఎందుకు ఇవ్వడు అంటావేమో, ఆవులు బర్రెల్లో ఓపియాయిడ్లు మనం అనుకున్నంత పనిచేయవు, తోక మొదట్లో వెన్నులోకి లిగ్నోకైన్ ఇస్తే వెనక భాగమంతా తిమ్మిరెక్కుతుంది, దూడని లాగేటప్పుడు దానికి మించింది లేదు.

ప్రశ్న: మా ఆడ పిల్లి మేడ మీద నుంచి పడి కుంటుతోంది. ఇంట్లో నాన్నగారి ట్రమడాల్ టాబ్లెట్లు ఉన్నాయి. ఆడవాటికి ఎక్కువ పడుతుంది అన్నారు కాబట్టి సగం వేయనా? – హైదరాబాద్ నుంచి

జవాబు: వేయకండి, పావు కూడా వద్దు. ముందు ఆ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి, మన దగ్గర దొరికే ట్రమడాల్ టాబ్లెట్లలో చాలావాటిలో పారాసెటమాల్ కలిపి ఉంటుంది, పిల్లి లివర్‌కి పారాసెటమాల్‌ని విడగొట్టే ఎంజైమ్ సరిగ్గా లేదు, ఒక్క టాబ్లెట్ చాలు ప్రాణం పోవడానికి, అది ఆడైనా మగైనా. ఉత్త ట్రమడాల్ అయినా సరే అది 2018 నుంచి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద ఉన్న మందు, నాన్నగారికి రాసింది పిల్లికి పెట్టేది కాదు.

ఒకప్పుడు పిల్లులకి ఓపియాయిడ్ ఇస్తే పిచ్చెక్కుతుందని పుస్తకాల్లో ఉండేది, అది చాలా పెద్ద డోసులు ఇచ్చి చూసి రాసిన మాట, సరైన డోసులో బుప్రనార్ఫిన్ పిల్లులకి బాగానే పనిచేస్తుంది, డాక్టర్ దగ్గర అది అడగండి. పడిన పిల్లి కాబట్టి నొప్పి కంటే ముందు ఎక్స్‌రే, ఊపిరితిత్తులు, మూత్రసంచి చూపించుకోవాలి. నొప్పి ఎంతుందో దారిలోనే చూసుకోవచ్చు, చెవులు పక్కకి వాలాయా, కళ్ళు చికిలించిందా, మూతి బిగబట్టిందా, మీసాలు నిటారుగా ముందుకొచ్చాయా, తల భుజాల కంటే కిందకి దించేసిందా, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10లో 4 వస్తే నొప్పి మందు తప్పనిసరి అని 2019లో మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన లెక్క. నాలుగు రాకపోయినా ఈ రోజే తీసుకెళ్ళండి.